చిక్కపేట నియోజకవర్గం: 2028 కర్ణాటక శాసనసభ ఎన్నికల ముంగిట

కర్ణాటక పదహారవ శాసనసభ గడువు 2028 మే నెలలో తీరుతుంది. ముందస్తుకు వెళ్లకపోతే ఆ ఎండాకాలంలోనే 224 స్థానాలకు పోలింగు జరగాలి. ఇందులో బెంగళూరు నగరం వాటా 28. వాటిలో ఒకటైన చిక్కపేట, రాష్ట్ర జాబితాలో 169వ నంబరు జనరల్ స్థానం. ఇది బెంగళూరు దక్షిణ లోక్‌సభ నియోజకవర్గం పరిధిలోకి వస్తుంది. 2013లో కాంగ్రెసుకు, 2018లోనూ 2023లోనూ బీజేపీకి దక్కింది. విస్తీర్ణంలో చిన్నదే అయినా పాత పేటల ఇరుకు సందులు, విశ్వేశ్వరపురం అగ్రహారపు వీధులు, జయనగర్ చదువుకున్న మధ్యతరగతి, సిద్ధాపుర కూలినాలి బస్తీలు ఒకే ఓటరు జాబితాలో ఉన్న చోటు కాబట్టి, నగర రాజకీయం చదవదలచినవారు ముందుగా ఇక్కడికే వస్తారు.

పేట ఒకచోట, సీటు ఒకచోట

పెళ్లి పట్టుచీరల కోసం హిందూపురం నుంచో, చిత్తూరు నుంచో బస్సెక్కి వచ్చే తెలుగు కుటుంబాలకు చిక్కపేట అంటే జరీ అంచులు, దుకాణం గుమ్మంలో నిలబడి తెలుగులోనే పిలిచే సేల్స్‌మెన్, మెట్ల కింద చెప్పులు విడిచి తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పించడం. 1537లో కెంపేగౌడ కోట కట్టించి, వృత్తుల వారీగా ఏర్పరచిన పేటల్లో ఇదీ ఒకటి. అక్కిపేట బియ్యానిది, బళేపేట గాజులది, కుంబారపేట కుమ్మరులది, గాణిగరపేట గానుగవారిది. చిక్కపేట, దొడ్డపేట కలిసే కూడలి ఆ ఊరికి నడిబొడ్డు. దొడ్డపేటనే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నారు.

అయితే చీరల చిక్కపేట చిక్కపేట నియోజకవర్గంలో లేదు. 2008 నుంచి అమలైన పునర్విభజనలో చిక్కపేట వార్డు గాంధీనగర్ శాసనసభ స్థానంలో కలిసింది. గాంధీనగర్ బెంగళూరు సెంట్రల్ లోక్‌సభ కిందికి పోయింది. చిక్కపేట అన్న పేరు మాత్రం దక్షిణాన ఉన్న వార్డుల గుత్తికి మిగిలింది: సుధామనగర్, ధర్మరాయస్వామి గుడి, సుంకేనహళ్లి, విశ్వేశ్వరపురం, సిద్ధాపుర, హొంబేగౌడనగర్, జయనగర్. వీటిలో అచ్చమైన పాత పేట అనదగినది ధర్మరాయస్వామి గుడి వార్డు. ఏటా చైత్ర పున్నమి రాత్రి కరగ ఉత్సవం బయలుదేరేది ఆ గుడి నుంచే. ఎన్నికలు దగ్గరపడిన ఏడు కరగకు అన్ని పార్టీల నాయకులూ తప్పకుండా హాజరవుతారు.

పునర్విభజన గీసిన ఈ గీత వల్ల రాజకీయంగా జరిగిందేమిటో బయటివారికి తొందరగా కనబడదు. పేటలో దుకాణం ఉన్న వ్యాపారి చాలాసార్లు ఇల్లు విశ్వేశ్వరపురంలోనో జయనగర్‌లోనో కట్టుకుని ఉంటాడు. ఓటు ఇంటికే గాని దుకాణానికి ఉండదు. దుకాణం ముందు మురుగు పొంగినా, సరుకు దించే లారీకి చోటు లేకపోయినా అడగవలసింది గాంధీనగర్ ఎమ్మెల్యేను. ఆ ఎమ్మెల్యేకు ఇతని ఓటుతో పని లేదు. ఇతని ఓటు అడిగే చిక్కపేట ఎమ్మెల్యేకు ఆ మురుగుతో సంబంధం లేదు. పగలంతా వేలమంది మసిలే చోట రాత్రికి మిగిలే ఓటర్లు కొద్దిమంది. పాత పేటల వ్యాపారులు సంఘాలు కట్టి ఎంత గట్టిగా మాట్లాడినా, ఎన్నికల లెక్కలో ఆ గొంతు రెండుగా చీలిపోతుంది. పేట బాగుపడకపోవడానికి నాయకుల అలసత్వాన్ని తప్పుపట్టేవారు ఈ సరిహద్దును కూడా ఒకసారి చూడాలి.

పక్క సీటు గాంధీనగర్ కథ వేరు. మాజీ ముఖ్యమంత్రి ఆర్. గుండూరావు కుమారుడు దినేశ్ గుండూరావు 1999 నుంచి అక్కడ వరుసగా ఆరుసార్లు కాంగ్రెసు తరఫున నెగ్గారు. ఆరోసారి, 2023లో, మెజారిటీ 105 ఓట్లు. అదే ఎన్నికల్లో చిక్కపేటకు అటువైపు ఉన్న జయనగర్ స్థానంలో (చిక్కపేటలోని జయనగర్ వార్డు వేరు) కాంగ్రెసు అభ్యర్థి సౌమ్యా రెడ్డి అర్ధరాత్రి దాకా సాగిన తిరిగి లెక్కింపులో బీజేపీ అభ్యర్థి సి.కె. రామమూర్తి చేతిలో 16 ఓట్ల తేడాతో ఓడారు. చిక్కపేటకు రెండు వైపులా ఉన్న సీట్లలో తేడా ఇంత సన్నగా ఉండగా, నగరంలో సగానికి దగ్గరగా ఓటర్లు ఇల్లు కదలలేదన్నది గుర్తుంచుకోవాలి. ఆ ఏడు రాష్ట్రం మొత్తంలో పోలింగు 73 శాతం దాటితే, బెంగళూరు 55 శాతం చుట్టుపక్కలే ఆగింది.

ఎవరెవరు నెగ్గారు

పునర్విభజనకు ముందటి చిక్కపేట హద్దులు వేరు. ఆ పాత సీటు నుంచి 1999లో, 2004లో బీజేపీ తరఫున గెలిచిన పి.సి. మోహన్, 2009 నుంచి బెంగళూరు సెంట్రల్ ఎంపీగా నాలుగుసార్లు నెగ్గారు. ఆయన బలిజ. అంటే ఈ పేటల్లో తరతరాలుగా ఉన్న తెలుగు మూలాల వర్తక కులం మనిషి. కొత్త హద్దులతో జరిగిన 2008 ఎన్నికల్లో బీజేపీ నుంచి దయానంద సాగర్ విద్యాసంస్థల కుటుంబానికి చెందిన డాక్టర్ డి. హేమచంద్ర సాగర్ గెలిచారు. కర్ణాటకలో బీజేపీ 110 స్థానాలతో దక్షిణాదిన తొలిసారి సొంతంగా గద్దెనెక్కింది ఆ ఏడే.

2013లో గాలి మారింది. బీజేపీ నుంచి యడియూరప్ప చీలిపోయి కేజేపీ పెట్టగా, బళ్లారి శ్రీరాములు అప్పటికే బీఎస్సార్ కాంగ్రెసు పెట్టి ఉన్నారు. కాంగ్రెసు 122 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. చిక్కపేటలో ఆర్.వి. దేవరాజ్ గెలిచారు. దేవరాజ్‌ది పక్కనున్న చామరాజపేటలో పాత పట్టు. 2004లో ఆ సీటును ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ కోసం వదులుకున్నారు. కృష్ణ మహారాష్ట్ర గవర్నరుగా వెళ్లాక జరిగిన ఉప ఎన్నికలో జేడీఎస్ నుంచి బరిలోకి దిగిన జమీర్ అహ్మద్ ఖాన్ చేతిలో ఓడారు. జమీర్ ఆ తర్వాత కాంగ్రెసులో చేరి చామరాజపేటను తన కోటగా మార్చుకున్నారు. దేవరాజ్ చిక్కపేటకు జరిగారు. పెద్దాయన కోసం సీటు త్యాగం చేసినవారికి ఆ సీటు తిరిగి దక్కడం కన్నడ రాజకీయాల్లో అరుదే, తెలుగు రాజకీయాల్లోలాగే.

2018లో ఉదయ్ గరుడాచార్ బీజేపీ అభ్యర్థిగా దేవరాజ్‌ను ఓడించారు. ఉదయ్ మాజీ పోలీసు డైరెక్టర్ జనరల్ బి.ఎన్. గరుడాచార్ కుమారుడు, మాల్ యజమాని. 2008లో బీజేపీ ఎమ్మెల్యే అయిన హేమచంద్ర సాగర్ ఈసారి జేడీఎస్ తరఫున పోటీకి దిగారు. 2023లో మళ్లీ అవే రెండు ముఖాలు, అదే ఫలితం. కాకపోతే మధ్యలో మూడో మనిషి వచ్చాడు.

2023 లెక్క

ఆ మూడో మనిషి కేజీఎఫ్ బాబుగా అందరికీ తెలిసిన యూసుఫ్ షరీఫ్. 2021లో బెంగళూరు నగర స్థానిక సంస్థల విధాన పరిషత్ సీటుకు కాంగ్రెసు టికెట్టుపై పోటీచేసినప్పుడు అఫిడవిట్‌లో 1,700 కోట్ల రూపాయలకు పైగా ఆస్తి చూపి దేశం దృష్టిలో పడ్డారు. బీజేపీ అభ్యర్థి గోపీనాథ రెడ్డి చేతిలో ఓడారు. చిక్కపేట టికెట్టు ఆశించి, పార్టీతో చెడి, 2023లో స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఫలితం ఇలా వచ్చింది: గరుడాచార్‌కు 57 వేలకు పైగా, దేవరాజ్‌కు 45 వేలకు పైగా, బాబుకు దాదాపు 21 వేలు. బీజేపీ మెజారిటీ సుమారు 12 వేలు. ఆమ్ ఆద్మీ పార్టీ నుంచి న్యాయవాది, కాంగ్రెసు మాజీ అధికార ప్రతినిధి బ్రిజేశ్ కాళప్ప నిలబడ్డారు గాని పోటీలో లేకుండాపోయారు.

దేవరాజ్, బాబు ఓట్లు కలిపితే గరుడాచార్‌ను దాటుతాయి. అందుకే రెబెల్ వల్లే ఓడామని కాంగ్రెసు వాళ్లు చెబుతుంటారు. ఈ వాదన సగమే నమ్మదగింది. రెండు ఓట్లు ఒక్కటైతే గెలుపు ఖాయమనడం కాగితం మీద బాగానే ఉంటుంది. కాని ముస్లిం ఓటు ఒకే గుర్తు వెనక చేరినప్పుడల్లా ఎదుటి పక్షం కూడా తన ఓటును కూడగట్టుకోవడం ఈ నగరంలో చాలాసార్లు చూసిందే. 2018లో రెబెల్ లేడు. అప్పుడూ బీజేపీయే గెలిచింది, మెజారిటీ మాత్రం 8 వేల లోపు. కాబట్టి కాంగ్రెసుకు ఇక్కడ దాటవలసిన అసలు దూరం ఆ 8 వేలు. బాబు లాంటివారు ఆ దూరాన్ని పెంచగలరు.

రాష్ట్రస్థాయిలో పక్షాలు

2023 మే 10న పోలింగు, 13న లెక్కింపు. కాంగ్రెసుకు 135, బీజేపీకి 66, జేడీఎస్‌కు 19. మిగిలిన నాలుగింట్లో స్వతంత్రులు రెండు, సర్వోదయ కర్ణాటక పక్ష ఒకటి, గాలి జనార్దనరెడ్డి పెట్టిన కల్యాణ రాజ్య ప్రగతి పక్ష ఒకటి. బెంగళూరు మాత్రం రాష్ట్రంతో పాటు నడవలేదు. 28లో 16 బీజేపీకి, 12 కాంగ్రెసుకు వచ్చాయి. ఊళ్లలో ఊపేసిన కాంగ్రెసు గాలి రాజధానిలో అంతగా వీచలేదు.

కాంగ్రెసు గెలుపుకు ఐదు గ్యారంటీలు పెట్టుబడి: గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు, గృహలక్ష్మి కింద ఇంటి ఇల్లాలికి నెలకు 2,000 రూపాయలు, అన్నభాగ్య బియ్యం, శక్తి పథకంలో ఆడవారికి ఉచిత బస్సు, చదువు పూర్తయిన నిరుద్యోగులకు యువనిధి. సిద్ధరామయ్య ముఖ్యమంత్రి, డి.కె. శివకుమార్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. గద్దె పంపకంపై ఈ ఇద్దరి వర్గాల గుంజాట మొదటి రోజు నుంచీ వార్తల్లో ఉంది. మైనారిటీలు, వెనకబడిన వర్గాలు, దళితులను ఒక తాటి మీదికి తెచ్చే ‘అహింద’ రాజకీయం సిద్ధరామయ్యది. శివకుమార్ బలం పార్టీ యంత్రాంగం, ఒక్కలిగల మద్దతు. చిక్కపేటలాంటి చోట మొదటిది సుధామనగర్, సిద్ధాపుర వైపు పనికొస్తుంది. రెండోదానికి ఇక్కడ పెద్దగా చోటు లేదు.

బీజేపీ 2023 సెప్టెంబరులో జేడీఎస్‌ను ఎన్డీయేలోకి తెచ్చుకుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 28 స్థానాలకు గాను బీజేపీ 17, జేడీఎస్ 2 గెలవగా కాంగ్రెసు 9 దగ్గర ఆగింది. బెంగళూరు దక్షిణలో తేజస్వి సూర్య రెండోసారి, సౌమ్యా రెడ్డి మీద రెండు లక్షల డెబ్బై వేలకు మించిన మెజారిటీతో గెలిచారు. 1991 నుంచి ఆ ఎంపీ సీటు బీజేపీ చేజారలేదు. అనంతకుమార్ ఒక్కరే ఆరుసార్లు గెలిచారు. అదే ఏడాది నవంబరులో మూడు శాసనసభ ఉప ఎన్నికలు జరిగితే మూడూ కాంగ్రెసువే. ఢిల్లీకి ఒకలా, విధానసౌధకు ఇంకోలా ఓటు వేయడం కన్నడిగులకు 1985 నాటి నుంచే అలవాటు. 1984 చివర్లో లోక్‌సభకు కాంగ్రెసును గెలిపించి, కొన్ని నెలలకే శాసనసభలో రామకృష్ణ హెగ్డే జనతా పార్టీకి పట్టం కట్టారు. హెగ్డే తర్వాత ఏ అధికార పక్షమూ కర్ణాటకలో వరుసగా రెండోసారి నెగ్గలేదు. 2028లో కాంగ్రెసు మోసుకుపోవలసిన బరువుల్లో ఈ చరిత్ర ఒకటి.

జేడీఎస్ చిక్కపేటలో ఎన్నడూ బలమైన పక్షం కాదు. పొత్తు నిలిస్తే సీటు బీజేపీకే పోతుంది. ఆప్, ఎస్డీపీఐ, బీఎస్పీ తదితర పక్షాల గురించి చెప్పుకోవలసింది తక్కువ.

తెలుగువారు ఎక్కడ

2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 14 శాతం. ఇంత జనం ఉన్న భాషకు నగరంలో ఒక పార్టీ గాని, ఒక ఓటుబ్యాంకు గాని లేదు. తెలుగుదేశం, వైసీపీ, జనసేనలకు ఇక్కడ అభిమానులు దండిగా ఉన్నారు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టుకు నిరసనగా బెంగళూరులోనూ ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. అయినా కర్ణాటక ఎన్నికల రాజకీయంలో ఆ పార్టీల ఊసు లేదు.

కారణం వెతకనక్కరలేదు. ఇక్కడి పాత తెలుగువారు భాష పేరుతో లెక్కకు రారు, కులం పేరుతో వస్తారు. పేటల్లో దేవాంగ, పద్మశాలి నేతగాళ్లు, బలిజ వర్తకులు, ఆర్యవైశ్యులు ఉన్నారు. విశ్వేశ్వరపురంలో వాసవి గుడి పేరుతో ఏకంగా రోడ్డే ఉంది. నగరం చుట్టూ ఒకప్పటి పల్లెల భూస్వాములైన రెడ్లు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బీటీఎం లేఅవుట్ నుంచి కాంగ్రెసు మంత్రి రామలింగా రెడ్డి, బొమ్మనహళ్లి నుంచి బీజేపీ ఎమ్మెల్యే సతీశ్ రెడ్డి ఎన్నికవుతున్నారు. ఈ రెండు సీట్ల మధ్య పార్టీ తేడా ఉంది గాని భాష తేడా లేదు.

రిజర్వేషన్ల పట్టిక ఈ విభజనను ఇంకా గట్టిపరిచింది. దేవాంగ, పద్మశాలీలు వెనకబడిన వర్గాల జాబితాలో 15 శాతం వాటా ఉన్న 2ఏ విభాగంలో ఉన్నారు. రెడ్లు ఒక్కలిగలతో పాటు 3ఏలో ఉన్నారు. బలిజలు చదువుకు 2ఏ, ఉద్యోగానికి 3ఏ. పూర్తిగా 2ఏలో చేర్చాలన్నది వారి చిరకాలపు కోరిక. ఆర్యవైశ్యులకు రిజర్వేషన్ లేదు, ఒక అభివృద్ధి సంస్థ మాత్రం ఉంది. ఒకరి కోరిక తీరితే ఇంకొకరి వాటా తగ్గే ఏర్పాటు ఇది. తెలుగువారంతా ఒక్క మాట మీదికి రావాలని వేదికలెక్కి చెప్పేవారు ఈ పట్టిక ఊసెత్తరు. 2025 సెప్టెంబరులో మొదలైన కొత్త సామాజిక, విద్యా సర్వే ఫలితాల మీద అందరి చూపూ అందుకే.

తెలుగు కాస్త బాహాటంగా వినిపించేది నగరం దాటి కోలారు, చిక్కబళ్లాపుర వైపు వెళ్తే. శ్రీనివాసపురలో దశాబ్దాలుగా రమేశ్ కుమార్, వెంకటశివారెడ్డి ఇద్దరే గెలుస్తూ వస్తున్నారు. బాగేపల్లి ఒకప్పుడు జి.వి. శ్రీరామరెడ్డిని సీపీఎం తరఫున రెండుసార్లు సభకు పంపింది. చిక్కబళ్లాపురలో 2023లో బీజేపీ మంత్రి కె. సుధాకర్ కోసం బ్రహ్మానందం స్వయంగా ప్రచారం చేశారు. జనం విరగబడి వచ్చారు, నవ్వుకున్నారు, ఓట్లు మాత్రం కాంగ్రెసుకు చెందిన బలిజ యువకుడు ప్రదీప్ ఈశ్వర్‌కు వేశారు. మరుసటి ఏడాది సుధాకర్ అక్కడే ఎంపీ అయ్యారు. ఆయన చేతిలో ఓడిన కాంగ్రెసు అభ్యర్థి రక్షా రామయ్యా బలిజే.

రాబోయే వాదాలు

చిక్కపేటలో 2028 ప్రచారానికి సరుకు ఇప్పటికే పోగవుతోంది. మొదటిది పన్ను. 2025 జులైలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీలను బట్టి వేలాదిమంది చిల్లర వర్తకులకు జీఎస్టీ నోటీసులు పంపింది. రాత్రికి రాత్రే బేకరీల్లో, కాకా అంగళ్లలో క్యూఆర్ కోడ్ అట్టలు మాయమై ‘నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. ముఖ్యమంత్రి వర్తకులను పిలిపించి మాట్లాడి పాత బకాయిల విషయంలో తగ్గవలసి వచ్చింది. జీఎస్టీ కేంద్రానిదా, నోటీసు రాష్ట్రానిదా అన్న తగువును రెండు పార్టీలూ తమకు అనువుగా వాడుకుంటాయి.

రెండోది బోర్డులు. దుకాణాల పేరుపలకల్లో 60 శాతం కన్నడం ఉండాలని 2023 డిసెంబరులో కన్నడ సంఘాలు వీధికెక్కగా, 2024 మొదట్లో ప్రభుత్వం దాన్ని చట్టంలో చేర్చింది. మార్వాడీ, గుజరాతీ, తెలుగు, ఉర్దూ వ్యాపారులు కలగలిసిన పేటల్లో దీన్ని ఎవరూ బహిరంగంగా కాదనరు. బోర్డులు రాసేవాళ్లకు మాత్రం ఆ ఏడాది చేతినిండా పని దొరికింది.

మూడోది లాల్‌బాగ్. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా భూగర్భంలో తలపెట్టిన సొరంగ రహదారికి లాల్‌బాగ్ దగ్గర దారి పెడతారని తెలియగానే 2025 అక్టోబరులో చుట్టుపక్కల పేటల వాళ్లు, ఉదయం నడకకు వచ్చేవాళ్లు ఆందోళనకు దిగారు. తేజస్వి సూర్య ముందు నిలబడ్డారు. ప్రాజెక్టు తలకెత్తుకున్న శివకుమార్ తోటకు నష్టం రానివ్వమని సర్దిచెప్పారు. జయనగర్, సుంకేనహళ్లి ఓటర్లకు 240 ఎకరాల ఆ తోట ఇంటి పెరడుతో సమానం. కాంగ్రెసు ఈ వార్డుల్లో ఓట్లు పెంచుకోకుండా చిక్కపేట గెలవలేదు గనక, ఈ రహదారి విషయంలో ఎవరి మాట నెగ్గుతుందన్నది సీటు మీద నేరుగా పడుతుంది.

నాలుగోది మతం. 2024 మార్చిలో నగర్తపేటలో ఒక సెల్‌ఫోన్ దుకాణదారుడి మీద జరిగిన దాడి మతం రంగు పులుముకుని వారం తిరక్కుండానే లోక్‌సభ ప్రచారంలోకి ఎక్కింది. కరగ ఊరేగింపు మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి సాగే ఊరు కూడా ఇదే. ఎన్నికల ఏడాదిలో ఈ రెండింటిలో దేన్ని ముందుకు తోస్తారన్నది పార్టీల చేతిలో ఉంటుంది.

కార్పొరేషన్

బెంగళూరు మహానగర పాలికెకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆపై ఊరిని అధికారులే నడిపారు. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం అమలయ్యాక, 2025 సెప్టెంబరులో పాలికె స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మొత్తం 369 వార్డులు, అందులో సెంట్రల్ కార్పొరేషన్‌కు 63. చిక్కపేట, గాంధీనగర్, చామరాజపేట, శివాజీనగర్, శాంతినగర్, సి.వి. రామన్‌నగర్ స్థానాలు ఆ సెంట్రల్‌లోనే ఉన్నాయి. పునర్విభజన విడదీసిన చీరల పేట, దాని పేరు మోస్తున్న సీటు ఇక్కడ మాత్రం ఒకే కార్పొరేషన్ కింద ఉన్నాయన్నమాట. ఈ ఆరింటిలో 2023లో నాలుగు కాంగ్రెసువి, రెండు బీజేపీవి. వార్డు స్థాయిలో టికెట్టు దొరకని వాళ్లు ఏ గూటికి చేరతారన్నదాన్ని బట్టే శాసనసభ ఎన్నికల్లో పోలింగు బూత్‌ల దగ్గర పనిచేసే చేతులు తేలతాయి.

ఓటరు జాబితా

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న కొత్త తరం తెలుగువారిలో చాలామంది ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంది. 2024లో బెంగళూరు పోలింగు ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్ పోలింగు మే 13న జరిగాయి. రెండోదానికి బస్సులు, రైళ్లు కిక్కిరిసి నగరం నుంచి ఊళ్లకు కదిలిన జనాన్ని అందరూ చూశారు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాలో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. కర్ణాటకలో 2028లో, ఆంధ్రలో 2029లో ఎన్నికలు వస్తాయి కాబట్టి తేదీలు తగులుకోవు. అయినా రెండింట్లో ఒక్కటే దక్కుతుంది: జయనగర్‌లో అద్దె ఇంటి చిరునామాతో ఫారం 8 నింపినవాళ్లకు అనంతపురంలోనో కర్నూలులోనో పేరు తొలగిపోతుంది. నింపనివాళ్లు చిక్కపేట లెక్కలో లేనట్టే.